రెండు గుర్తులు

ఏప్రిల్. ఒంగోలు. రాత్రి పదకొండు దాటినా
మేడ మీది గదిలో గోడలు చల్లారలేదు.
జిల్లా ఐదో తరగతి మొత్తం నా ల్యాప్‌టాప్‌లో ఉంది.
పద్దెనిమిది వేల నాలుగొందల పన్నెండు వరసలు,
వరసకి నలభై గళ్ళు,
గడిలో ఒకటో, సున్నానో.

నమూనా మంచిదే. నేనే కట్టాను.
ప్రశ్న ఎంత బరువో, పిల్ల ఎంత మోయగలదో
రెంటినీ ఒకే కాటాలో తూచి చెబుతుంది.
పేర్లు దానికి తెలీవు.
నాకూ తెలియాల్సిన పని లేదనుకున్నాను.

కొండపి మండలంలో ఒక బడి దగ్గర
గీత విరిగింది.
ఇరవైఆరు మందిలో పంతొమ్మిది మంది
కష్టమైన లెక్కలు చేసి
కూడికలు తప్పారు,
బండ ఎత్తినవాడు
బెండు ఎత్తలేనట్టు.
సామర్థ్యం: మైనస్ ఒకటి పాయింట్ రెండు.
పక్కన ఎర్ర చుక్క: నమూనాకి అమరడం లేదు.

ఎర్ర చుక్కలు తీసేస్తే గ్రాఫు చక్కగా వస్తుంది.
దానికి ఒక్క లైను చాలు.
రాశాను కూడా.
నొక్కలేదంటే నా మంచితనం కాదు,
కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది,
ఉక్కకి లేచి బయటికి పోయాను.

పొద్దున కాగితాల గది తాళం అడిగి
పురికొస కట్టలు విప్పాను.
పంతొమ్మిది జవాబు పత్రాలు.
సరైన సున్నా నల్లగా నింపే ఉంది.
దాని పక్క సున్నా మీద వేలంత మరక,
పెన్ను కంటే ముదురు, ముట్టుకుంటే అంటుకునేంత.
యంత్రం రెండిట్నీ చూసి తొమ్మిది వేసింది.
తొమ్మిదంటే: రెండు గుర్తులు, చెల్లదు.
తొమ్మిదిని సున్నా చేసే లైను మాత్రం
యంత్రానిది కాదు. పోయిన జూన్‌లో నేను రాసింది.

మరకలు పైనుంచి కిందికి పలచబడుతున్నాయి.
మొదటి పది ప్రశ్నల్లో చిక్కగా,
ఇరవై దగ్గర ఆనవాలుగా,
ముప్పై నుంచి కాగితం తెల్లగా.
తేలికవన్నీ పైన పెట్టాం మేము,
పిల్లలు బెదరకూడదని.

హెడ్మాస్టరు మస్తాన్‌వలి గారు ఫోనెత్తారు.
"జిగురు మేడమ్ అది, పొగాకు జిగురు.
పరీక్ష పెట్టింది ఆకు గుచ్చే రోజుల్లో గదా.
తెల్లారుజామున మూడింటికి లేచి కర్రలు కట్టి
బేరన్ కాడినించి నేరుగా వొచ్చారు.
రమ్మంటే వొచ్చారు, అదే పదివేలు.
సబ్బుకి పోదు అది. చింతపండేసి తోమాల.
పేపర్లు పంపినోళ్ళు
చింతపండు పంపలేదు గదా మేడమ్."
నవ్వారు. నేనూ నవ్వబోయి ఊరుకున్నాను.

దార్ల కెజియా, రోల్ నంబరు పద్నాలుగు.
మూడో ప్రశ్న దగ్గర బొటనవేలు మొత్తం పడింది,
చుట్లతో, గీతలతో సహా.
వాళ్ళమ్మమ్మ కాలంలో దాన్ని
సంతకం అనేవాళ్ళు.
యంత్రం లెక్కలో పదిహేడు.
చేత్తో దిద్దితే ముప్పైఒకటి.

పంతొమ్మిదీ చేత్తోనే దిద్దాను.
జిల్లా సగటు
నలభైఆరు పాయింట్ మూడు ఒకటి నుంచి
నలభైఆరు పాయింట్ మూడు నాలుగుకి కదిలింది.
నివేదికలో ఒక్క దశాంశమే అచ్చవుతుంది.

సాయంత్రం మీటింగులో సారు అంతా విని
గ్రాఫు బాగుందన్నారు,
ఎరుపు తీసి నీలం వెయ్యమన్నారు.
వేశాను.

తొమ్మిది ఇప్పుడు నా ఫైల్లో తొమ్మిదిగానే ఉంది.
వెతికితే ఇంకా నాలుగు వేల చిల్లర తేలాయి,
టంగుటూరు, పొదిలి, మర్రిపూడి.
అన్నీ జిగురే కాకపోవచ్చు.
కొన్ని నిజంగానే తెలీక
రెండూ నింపినవి అయ్యుండొచ్చు.
ఏది ఏదో చెప్పే సూత్రం నా దగ్గర లేదు,
వేళ్ళకి పట్టిన వాసన తప్ప.

అటెండరు గది మూయబోతుంటే
తాళం రేపు కూడా కావాలన్నాను.
ఎన్నాళ్ళు మేడమ్ అన్నాడు.